అత్తగారి పచ్చరాయి

లోపలికి వచ్చినావిడ కుర్చీ చూపించినా కూర్చోలేదు. చేతిసంచిని గుండెలకు అదుముకుని తలుపు దగ్గరే నిలబడింది.

"మీరు దొంగల్ని పట్టుకుంటారట కదా. నాకు దొంగ వద్దు బాబూ. మా మరదలు దొంగ కాదని తేల్చి చెప్పండి, చాలు" అంది.

డిటెక్టివ్ తలెత్తాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని భూతద్దం అని పిలుస్తారు. నిజానికి ఆయన దగ్గరున్న భూతద్దం పేపరు చదువుకోవడానికే. ఆ మాట ఎవరైనా ఆయన సహాయకురాలి ముందు అన్నారో, అయిపోయారన్నమాటే. ఆమె దృష్టిలో ఆయనకు తెలియని సంగతి ప్రపంచంలో ఒక్కటే ఉంది, తన గొడుగు ఎక్కడ మర్చిపోయాడన్నది.

"ముందు మంచినీళ్ళు తాగండమ్మా" అన్నాడాయన.

ఆవిడ లాండ్రీ నడుపుతోంది. భర్త పోయాక ఆయన చెల్లెలే తోడు. కింద షాపు, పైన ఇల్లు, వదినా మరదళ్ళిద్దరే మనుషులు. మంచాన పడ్డ అత్తగారికి ఆఖరిదాకా సేవ చేసింది ఈ వదినే. పోయేముందు ఆ పెద్దావిడ తన పచ్చరాయి ఉంగరాన్ని కూతురికి కాకుండా కోడలి చేతిలో పెట్టింది. వదిన దాన్ని ఒక్కసారైనా వేలికి తొడగలేదు. ఇన్నాళ్ళకు బయటికి తీసి రత్నాల ల్యాబ్‌లో చూపిస్తే, సహజమైన మరకతమేనని ఫోటోతో సహా సర్టిఫికెట్ ఇచ్చారు. కొన్నాళ్ళు బీరువాలో ఉంచి, సైజు మార్పించడానికి రాళ్ళు పొదిగే ఆయన దగ్గరికి తీసుకెళ్ళి డబ్బా తెరిచింది. ఆయన పెదవి విరిచాడు.

"సర్టిఫికెట్లో ఉన్న రాయి ఇది కాదేమో అన్నాడండీ. నాకూ అలాగే అనిపిస్తోంది. ముదురాకు రంగులో ఉండేది కాస్తా పాలిపోయింది, లోపలంతా తెల్లటి గీతలు. బీరువా తాళంచెవి నా దగ్గరొకటి, మరదలి దగ్గరొకటి."

"ఆమెను అడిగారా?"

"అడిగాను. అవునని అనలేదు, కాదని అనలేదు, తల దించుకుని కిందికి వెళ్ళిపోయింది." ఆవిడ సంచిలోంచి ఉంగరం డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. "నేను కాపురానికొచ్చేనాటికి జడగంటల పిల్ల. నా కొంగు పట్టుకునే పెరిగింది. రాయి పోతే పోనివ్వండి. ఆ పిల్ల నాకు కాకుండా పోతే ఎలా బతకను?"

డిటెక్టివ్ డబ్బా తెరిచాడు. రాయి కంటే ముందు దాని కింది దూదిని తీసి వాసన చూశాడు. సహాయకురాలికీ చూపించాడు.

"సబ్బు వాసనండీ" అందామె.

"మా ఇంట్లో ఏది ముట్టుకున్నా అదే వాసన" అంది వదిన, సిగ్గుపడుతూ.

ఉంగరం బంగారం మాత్రం నిన్ననే చేయించినట్టు మెరుస్తోంది. రాయి చుట్టూ ఉన్న సందుల్లో నలుసంత మురికి లేదు. ఆవిడ చేతి గాజులేమో మసకబారి ఉన్నాయి.

డిటెక్టివ్ ఉంగరం తీసుకుని వెళితే, రాళ్ళు పొదిగే ఆయన తన బల్ల మీది దీపాన్ని దగ్గరికి లాక్కున్నాడు. అనుమానం తన మీదికి వస్తుందేమోనని కాస్త బిగుసుకునే ఉన్నాడు.

"రాయి మార్చాలంటే ఏం చెయ్యాలి?" అడిగాడు డిటెక్టివ్.

"రాయిని పట్టుకున్న ఈ పళ్ళు పైకి లేపాలి, మళ్ళీ వంచాలి. పాత బంగారం సార్. గీత పడకుండా ఎవడి వల్లా కాదు."

"గీతలున్నాయా?"

ఆయన చాలాసేపు చూశాడు. "లేవు. అదే అర్థం కావట్లేదు."

"సైజు పెంచమన్నారా, తగ్గించమన్నారా?"

"బాగా తగ్గించమన్నారు. అలా చేస్తే ఆవిడ వేలికి సగం కూడా ఎక్కదని చెప్పాను. వినలేదు."

అక్కడి నుంచి ల్యాబ్‌కు వెళితే, రాయిని పరీక్ష చేసినావిడకు కోపం వచ్చింది. "మా సర్టిఫికెట్ తప్పంటారా?"

"అయ్యయ్యో, ఎంత మాట! ఇంకోసారి చూడమంటున్నాను, అంతే."

ఆవిడ మైక్రోస్కోప్‌లోకి వంగింది. ఫోటోలో ఒక మూల నల్లచుక్క, దాని పక్కన తోకలాంటి గీత ఉన్నాయి. ఈ రాయిలోనూ అవే, అక్కడే ఉన్నాయి. ఆవిడ ముఖం తేటపడింది. డిటెక్టివ్ ఆవిడ చెవిలో ఏదో అడిగాడు. ఆవిడ నవ్వి, ఒక చిన్న సీసా సంచిలో వేసుకుని వెంట బయల్దేరింది.

మధ్యాహ్నానికల్లా అందరూ లాండ్రీలో చేరారు. మూల పెద్ద గాబులో బట్టల సోడా నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. మరదలు తల ఎత్తకుండా దుప్పట్లు తిప్పుతోంది.

"రాయి మారలేదు" అన్నాడు డిటెక్టివ్. "పళ్ళ మీద గీతల్లేవు. చుక్క చుక్కగానే ఉంది. ఈయన చెయ్యి శుభ్రం, ల్యాబ్ మాట నిజం. మరి రాయి ఎందుకు పాలిపోయింది? పచ్చల్లో పుట్టుకతోనే వెంట్రుకలాంటి పగుళ్ళుంటాయి. అవి కనపడకుండా వెనకటి నుంచీ నూనె పట్టిస్తారు. ఆ నూనె దిగిపోతే పగుళ్ళు తెల్లగా బయటపడతాయి. మరుగుతున్న సోడా నీళ్ళకు నూనె వదిలించడం ఎంతసేపు? ఈ ఉంగరాన్ని ఎవరూ దొంగిలించలేదమ్మా. ఉతికారు."

సహాయకురాలు చప్పట్లు కొట్టబోయి, సమయం కాదని చేతులు వెనక్కి పెట్టుకుంది.

మరదలు చేతిలో కర్ర వదిలేసింది.

"నేనే వదినా. అమ్మ ఉంగరం జిడ్డోడుతూ ఉంది. నువ్వు బయటికి తీశావంటే ఇప్పటికైనా పెట్టుకుంటావనుకున్నాను. తళతళలాడించి నీకు ఇద్దామనుకున్నాను. మనకు మరక కనపడితే చెయ్యి ఊరుకుంటుందా? సోడా నీళ్ళలో ముంచి తీసి చూస్తే రంగు దిగిపోయింది. రంగేసిన గాజుముక్క అనుకున్నాను, ల్యాబ్ వాళ్ళూ మోసపోయారనుకున్నాను. అమ్మకు అంత చేశావే, నీకు అమ్మ నకిలీ ఇచ్చిందని ఏ నోటితో చెప్పను? అంతకంటే దొంగ అనిపించుకోవడమే నయమనిపించింది."

"పిచ్చిమొహమా!" అంది వదిన.

ల్యాబ్ ఆవిడ సీసా మూత తీసి రాయి మీద దేవదారు నూనె చుక్క వేసింది. మడిచిన గుడ్డ మీద పెట్టి, వేడి ఇస్త్రీపెట్టెను దాని దగ్గరికి జరిపింది. గోరువెచ్చగా వేడి తగిలితే నూనె లోపలికి దిగుతుందట. టీలు వచ్చాయి, చల్లారాయి. తెల్లగీత ఒకటి సన్నబడింది, ఇంకొకటి మాయమైంది. అంచు నుంచి పచ్చదనం నెమ్మదిగా మధ్యకు పాకింది.

"అమ్మ నిజమైందే ఇచ్చింది వదినా!" అంటూ మరదలు ఏడ్చేసింది.

"ఇంకొక్క సంగతి" అన్నాడు డిటెక్టివ్. "అంత సన్నం చేయించాలనుకున్నది ఎవరి వేలికమ్మా?"

వదిన కళ్ళు తుడుచుకుంది. "ఇంకెవరికండీ? అత్తగారు నమ్మి నా చేతిలో పెట్టిన రోజే నాకు కడుపు నిండిపోయింది. వస్తువు మాత్రం కూతురిదే. అనుమానపు సొత్తు పిల్ల చేతిలో పెట్టకూడదనే పరీక్ష చేయించాను."

ఉంగరాన్ని మరదలి వేలికి తొడిగింది. అది వదులుగా గిర్రున తిరిగింది. రాళ్ళు పొదిగే ఆయన కొలత తీసుకుని, పూర్తిగా నూనె పట్టాక తెమ్మన్నాడు. వదిన డిటెక్టివ్ రెండు చేతులూ పట్టుకుని, "మా ఇల్లు నిలబెట్టారు బాబూ" అంది. ఆయన మొహమాటంతో గొడుగు కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అది సహాయకురాలి చంకలో ఉంది.

గాబులో నీళ్ళు ఈపాటికి చెయ్యి పట్టేంతగా చల్లారాయి. మరదలు చేతులు ముంచబోయి ఆగింది. ఉంగరం తీసి వదిన అరచేతిలో పెట్టి, "కాస్త పట్టుకో" అంది.

దుప్పట్లన్నీ ఆరేసేదాకా వదిన ఆ పిడికిలి విప్పలేదు.