కొండలరావు గారి వయసు

“టర్కీ టవల్ ఏదే?”

ఆదివారం పొద్దున్నే సుబ్బులమ్మ గొంతు వంటింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి వీధిలోకి వెళ్లింది. తర్లుపాడులో ఆ వీధివాళ్లకు అలారంతో పనిలేదు.

“బ్యాగులో పెట్టుకున్నామ్మా” అంది సుచరిత, బూట్ల లేసులు బిగించుకుంటూ.

“అది చుట్టాలొస్తే ఇచ్చేది! పోయినసారి కంభం చెరువు బురదంతా దానికే పూసుకొచ్చినావు. సబ్బు సగం అరిగింది గానీ మరక పోలే.”

“మనింటికి చుట్టాలొచ్చి ఎన్నాళ్లయింది?”

“రారా మరి? వచ్చినప్పుడు నీ పాత చున్నీ ఇచ్చి తుడుచుకోమనాల్నా? గళ్ల తువ్వాల తీస్కపో.”

“ఆ గళ్ల తువ్వాల నాకొద్దు. నీళ్లు పీల్చదు, ఒళ్లంతా గీరుతది.”

“చెరువులో పడేది నువ్వు, తప్పు తువ్వాలదా?”

గొర్రెల దొడ్డి ఊడ్చి వచ్చిన చెన్నకేశవులు తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుంటూ కూతురి తరఫున మాట కలిపాడు. “పోనీలేవే. వారమంతా ఆ పలకల ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్ ముందర కూసుంటది. ఒక్క పూట నీళ్లలో ఆడుకుంటే ఏమైతది? కొండలరావు గారున్నాడు, చూసుకుంటాడు.”

ఆ పేరు వినగానే సుబ్బులమ్మ మెత్తబడింది. టవల్ సంగతి వదిలేసి, వంటింట్లోకి వెళ్లి స్టీలు డబ్బా తెచ్చింది.

“ఇదో, పులిహోర. ఆయనకూ పెట్టు. బీపీ ఉంటదేమోనని ఉప్పు తక్కువేసినా. పల్లీలు అసలు వెయ్యలే. ఆ వయసులో పళ్లు ఎట్లున్నాయో ఏమో.”

చెప్పాల్సిన మాట సుచరిత నాలుక చివరిదాకా వచ్చింది. “బస్సు పోతది” అని మాత్రం అని, గేటు దాటేసింది.

కొండలరావుకు బీపీ లేదు. పళ్లన్నీ ఉన్నాయి, పైగా నవ్వితే ఎడమ చెంపన సొట్ట కూడా పడుతుంది. వయసు ఇరవై ఏడు.

మొదట్లో తప్పు సుచరితది కాదు.

వానలకు చెరువు నిండగానే, గిద్దలూరులో పీఈటీ టీచరుగా పనిచేసే కేథరిన్ ఎక్కడెక్కడివో పాత కయాక్‌లు సంపాదించి, కుర్రకారును పోగుచేసి ఆదివారాల గుంపు మొదలుపెట్టింది. సన్నటి పొడుగాటి పడవలవి, ఒక్కోదాంట్లో ఇద్దరు. ముందున్నవాళ్లు ఎంత వేగంగా తెడ్డు వేస్తే వెనకున్నవాళ్లూ అంతే వేయాలి. పడవ తిప్పే పని మాత్రం వెనకవాళ్లది. మొదటిరోజు సుచరిత ముందు కూర్చుంది. వెనక ఎవరో అబ్బాయి. పేరు అడగలేదు. వరస పెట్టి పిలిస్తే సరిపోయేచోట పేరు ఎవరు అడుగుతారు?

నడిమికి పోయేసరికి వాన అందుకుంది. చినుకుల్లోంచి ఇంకో పడవ సూటిగా వీళ్ల మీదికే వస్తోంది.

“అన్నా, ఎడమకు! అన్నా, ఎడమకూ!” అని అరిచింది సుచరిత.

చెరువు మీదున్న అన్నలందరూ ఎడమకు తిప్పారు. మూడు పడవలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. అందరికంటే ముందు నీళ్లలో పడింది సుచరితే.

లైఫ్ జాకెట్‌తో బెండులా తేలుతూనే పోట్లాటకు దిగింది. “అంత అరిచినా వినపడదా?”

“వినపడింది. ఏ అన్ననో ఎట్ల తెలుస్తది? ఇంతమందిమి ఉన్నాం!” అన్నాడు ఆ అబ్బాయి, కళ్ల మీద జుట్టు తోసుకుంటూ.

“నా వెనకున్న అన్ననే!”

“నేను నీకు అన్నను కాదు.”

కేథరిన్ విజిల్ ఊదింది. “ఇయ్యాల్టి నుంచి నీళ్ల మీద అన్నా, అక్కా, బావా, మామా ఏమీ లేవు. పేర్లే. వరసలన్నీ కట్ట మీద పెట్టి రండి!”

“సరే, నీ పేరేంది?” అంది సుచరిత.

అబ్బాయి చాలాసేపు నీళ్లకేసి చూశాడు. “కొండలరావు.”

సుచరిత నవ్వు ఆపుకోలేక ఇంత చెరువు నీళ్లు మింగింది.

“నవ్వుకో. మా తాత పేరు. బళ్లో హాజరేసే సార్లే నవ్వేటోళ్లు, నువ్వొక లెక్కనా?”

వెలిగండ్ల దగ్గర వాళ్ల ఊరు, గిద్దలూరులో డ్రిప్ పైపుల దుకాణం. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఇద్దరిదీ ఒకే పడవ. ‘కొండలరావ్, కుడికి! కొండలరావ్, ఆ కొంగను చూడు!’ కొన్నాళ్లకు ఆ పేరు వింటే నవ్వు రావడం మానేసింది. పడవ తిప్పాల్సిన పని లేనప్పుడు కూడా పిలుస్తున్నానని సుచరితకే తెలిసిపోయింది.

ఇంట్లోనూ ఆ పేరే. కొండలరావు ఉంటే పడవ బోర్లాపడదనీ, కొండలరావుకు గాలి ఎటు మళ్లుతుందో ముందే తెలుస్తుందనీ చెప్పేది. ఒకరోజు చెన్నకేశవులు మందలించాడు. “పెద్దమనిషిని అట్ల పేరు పెట్టి పిలవొచ్చునా అమ్మా? ‘గారు’ అను.”

సుచరిత క్షణం ఆలోచించింది. “సరే నాయనా. కొండలరావు గారు” అంది.

తప్పు సుచరితది అయింది అక్కడే.

ఆ ఆదివారం చెరువు మహా జోరుగా ఉంది. చుట్టూ కొండల మీద మబ్బులు దిగి కూర్చున్నాయి. అవతలి కొండ మొదలు దాకా పందెం పెట్టింది కేథరిన్. విజిల్ మోగిందో లేదో, సుచరిత తెడ్డు నీళ్లలో దిగింది.

“కొండలరావ్, వెయ్యి! ఇంకా గట్టిగా!”

“వేస్తనే ఉన్నా! భుజాలు ఊడేటట్టున్నాయి!”

“ఊడితే అతికిద్దాంలే, ముందు ఆ పచ్చ పడవను దాటు!”

దాటారు. నీటికాకులు గుంపుగా లేచాయి. వాన చినుకులు ముఖానికి టపటపా తగులుతుంటే సుచరిత గొంతు పగిలేలా కేక పెట్టింది. ఆ కేకకు కొండలు కూడా బదులిచ్చాయి.

కొండ నీడలో ఆయాసం తీర్చుకుంటూ ఆమె డబ్బా మూత తీసి వెనక్కి అందించింది. ఈ పడవల్లో ఒక చిక్కుంది. ముందు కూర్చున్నవాళ్లకు వెనకవాళ్ల ముఖం కనిపించదు. గిరుక్కున తిరిగితే పడవ బోర్లాపడుతుంది.

“పులిహోరలో పల్లీలేవీ?” వెనక నుంచి గొంతు.

“నమలడానికి నీకు కష్టమని మా అమ్మ వెయ్యలేదు.”

“ఏందీ?”

“మా ఇంట్లో నీకు అరవై ఏళ్లు.” ఇక దాచలేక జరిగిందంతా చెప్పేసింది. పడవ ఊగిపోయేలా నవ్వాడు కొండలరావు. ఆ తర్వాత ఉన్నట్టుండి ఆ నవ్వు ఆగింది.

“సుచరితా, మా అమ్మానాయనను మీ ఇంటికి పంపుదామనుకున్నా. ఇయ్యాల నిన్ను అడగాలనే వచ్చినా.”

ఆమె వెనక్కి తిరగబోయింది.

“తిరగొద్దు, పడతాం” అన్నాడు కంగారుగా.

“తిరగట్లేదులే.” తిరగకపోవడమే మంచిదైంది. ముఖమంతా పాకిన నవ్వును ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు.

“ఇప్పుడెట్ల పంపేది? అరవై ఏళ్ల పెండ్లికొడుకని మీ అమ్మ చీపురు తీసుకుంటది.”

“మెల్లగా చెప్తాలే.”

“మెల్లగా అంటే? మీ నాయన ఇంకెవరి నోటనో విన్నాకనా? అప్పుడు ఆయన లెక్కలో నేను పిల్లను అడగొచ్చినోణ్ని కాదు, ఇన్నాళ్లు ముసలోడి పేరు చాటున తిరిగినోణ్ని. నువ్వు చెప్పేదాకా నేను ఈ పడవెక్కను.”

“బెదిరిస్తున్నావా?”

“లేదు. భయపడతున్నా.”

చెపితే నాయన చెరువు మాన్పించేస్తాడేమో. చెప్పకపోతే వెనక సీటు ఖాళీ. సుచరిత తెడ్డు ముంచింది. ఈసారి వేగం లేదు.

కట్ట దగ్గరవుతుండగా ముందు బండి కనిపించింది. వెనక పాలక్యాన్ కొక్కెం ఉన్న టీవీఎస్. తర్వాత దాని పక్కన తలకు తువ్వాల చుట్టుకున్న మనిషి.

“కొండలరావ్” అంది చిన్నగా. “మా నాయన.”

కంభం పక్క ఊళ్లో పొట్టేళ్లు చూసుకోవడానికి వచ్చిన చెన్నకేశవులు, పనిలో పనిగా పెద్దాయనకు ఒక నమస్కారం పెట్టిపోదామని చెరువుకట్ట ఎక్కాడు. అక్కడ గొడుగు కింద, అందరి బ్యాగులకూ కాపలాగా కేథరిన్ తండ్రి విశ్వాసం కూర్చుని ఉన్నాడు. తెల్ల మీసాలు, చేతికర్ర. ఇంకేం కావాలి?

“మా పిల్ల నోట ఎప్పుడూ మీ మాటే. మీరున్నారనే ధైర్యంతో పంపుతాన్నా” అంటున్నాడు చెన్నకేశవులు ఆయన రెండు చేతులూ పట్టుకుని.

“నా మాటా?” విశ్వాసం అయోమయంగా చూశాడు.

“పులిహోర తిన్నారా?”

“నాకు పులిహోర ఎవరిచ్చినారయ్యా?”

సుచరిత మోకాలి లోతు నీళ్లలోకి దూకేసింది. బూట్లలో నీళ్లు బుడబుడమంటుంటే కట్ట ఎక్కి తండ్రి ఎదురుగా నిలబడింది.

“నాయనా, కొండలరావు ఆయన కాదు.” వేలు పడవ వైపు చూపింది. “ఇతను.”

చెన్నకేశవులు పడవ లాగుతున్న అబ్బాయిని తడిసిన జుట్టు నుంచి పాదాల దాకా చూశాడు. “ఈ పిల్లోడా?”

“నువ్వు పెద్దాయన అనుకుంటున్నావని నాకు తెలుసు. చెప్తే పంపవేమోనని చెప్పలే. అతనికి ఈ సంగతి ఇయ్యాలే తెలిసింది. దాచింది నేను.”

కొండలరావు దగ్గరికొచ్చి నోరు తెరిచి, మళ్లీ మూశాడు. ఏమని పిలవాలి? బాబాయ్ అంటే సుచరిత చెల్లెలైపోతుంది. మామా అంటే చెంప పగలొచ్చు.

“సార్” అన్నాడు.

చెన్నకేశవులు పడవకేసి చూశాడు. “రెండు సీట్లా ఇది?”

“అవును సార్.”

“నన్నెక్కించు.”

పంచె పైకి దోపుకున్నాడు. కేథరిన్ లైఫ్ జాకెట్ బిగిస్తుంటే, “ఊపిరాడట్లేదమ్మా, నేనేమన్నా పారిపోతానా?” అని విసుక్కున్నాడు. పోయి ముందు సీట్లో కూర్చున్నాడు. పడవ కదిలింది.

సుచరిత కట్ట మీద నిలబడి చూసింది. ఆమె జీవితంలో ముఖ్యమైన మాటలేవో అక్కడ జరుగుతున్నాయి, ఒక్కటీ వినపడదు. నడి చెరువులో పడవ ఆగింది. నాయన చెయ్యి పైకి లేచింది. తిడుతున్నాడా? కొండను చూపిస్తున్నాడా? అంతలో పడవ ఒక పక్కకు భయంకరంగా ఒరిగింది. మళ్లీ నిలబడింది పడవ.

“అమ్మా” అన్నాడు పక్కనుంచి విశ్వాసం. “ఇంతకీ ఆ పులిహోర ఇంకేమన్నా మిగిలిందా?”

ఒడ్డుకు వచ్చేసరికి ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. చెన్నకేశవులు కూతురితో ఒక్కటే అన్నాడు. “బండెక్కు.” బండి తర్లుపాడు దారి పట్టింది. వెనక కూర్చున్న సుచరితకు ఈసారి నాయన ముఖం కనిపించలేదు.

రాత్రి భోజనాల దగ్గర సుబ్బులమ్మే కదిలించింది. “చెరువుకాడికి పోయినావంట? కొండలరావు గారు కనిపించినాడా?”

“కనిపించినాడు. గురువారం వాళ్లింటోళ్లతో వస్తామంటున్నాడు.”

“అయ్యో, రానీ. పెద్దమనిషి మనింటికొస్తానంటే అంతకన్నానా? ఏం పని మీదంట?”

“మన పిల్లను అడగడానికి.”

సుబ్బులమ్మ ముఖం విప్పారింది. “మనవడికా?”

“తనకే.”

గరిటె పప్పు గిన్నెలో పడింది. “ఆ ముసలోడికా! బుద్ధుండక్కర్లా? ఆయన అడిగితే నువ్వు వినుకుంటా కూసున్నావా?”

“అమ్మా, అమ్మా! ఇరవై ఏడేళ్లే!”

“ఎవరికే?”

సుచరిత మళ్లీ మొదటినుంచి చెప్పింది. ఒక్క ముక్క కూడా దాచలేదు. అంతా విని సుబ్బులమ్మ కళ్లు తుడుచుకుంది. “పొద్దున్నే లేచి ఉప్పు తగ్గించి వండిచ్చినా కదే. ఒక్క మాట నాతో అనలేకపోయినావా?”

“నాకూ అదే బాధ” అన్నాడు చెన్నకేశవులు, అన్నం కలపడం ఆపి. “వాడి వయసు మీద కాదు నా కోపం. నా కూతురు నాతో చెప్పలేనంత దూరం ఎప్పుడు పెట్టుకున్నానా అని.”

సుచరిత తల దించుకుంది. “నువ్వు పెట్టలే నాయనా. నేనే భయపడి దూరం పోయినా.”

చెన్నకేశవులు కూతురి వైపు మంచినీళ్ల చెంబు జరిపాడు. “నడి చెరువులో కావాలనే పడవ ఊపినా. పడవను పట్టుకుంటాడా, నన్ను పట్టుకుంటాడా చూద్దామని.”

“ఎవరిని పట్టుకున్నాడు?” అంది సుబ్బులమ్మ ఏడుపు మరిచిపోయి.

“నన్నే. తెడ్డు వదిలేసి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ తర్వాత తెడ్డు కోసం చేతుల్తో నీళ్లు తోసుకుంటా చెరువంతా తిరిగినాం.” నవ్వు పెదవి దాటకుండా ఆపుకుని కూతురి వైపు తిరిగాడు. “వాళ్లకు నేనింకా మాటియ్యలే. రమ్మనాల్నా, వద్దా? నువ్వు చెప్పు. ఈసారి సగం చెప్పి సగం మింగొద్దు.”

సుచరిత కంచం ముందు నుంచి తలెత్తింది.

“రమ్మను నాయనా. నాకిష్టమే. అతన్నే చేసుకుంటా. ఇంకొకటి, పెండ్లయినాక కూడా ఆదివారాలు చెరువుకు పోతా. వాళ్లొచ్చినప్పుడు వాళ్ల ముందరే చెప్తా.”

చెన్నకేశవులు తలాడించి మళ్లీ అన్నం కలుపుకున్నాడు. సుబ్బులమ్మ తండ్రీకూతుళ్లను మార్చి మార్చి చూసి, కూతురి కంచంలో అడక్కుండానే నెయ్యి వేసింది.

“గురువారం రానీ వాళ్లను, నేను కాదనను” అంది గిన్నె మూత పెడుతూ. “వచ్చే ఆదివారం మాత్రం ఆ పిల్లోడి పడవలో నేను కూసుంటా. మీ నాయన ఊపింది చాలదు.”