శ్రుతిపట్టీ

2094 నాటికి కుజగ్రహం మీది అరుణపురిలో పాడని మనిషి లేడు. గాలిశుద్ధి యంత్రాలు తుడిచేవాళ్లు, గాజు తోటల్లో ఆకుకూరలు కోసేవాళ్లు, ఆఖరికి పన్ను అధికారులు కూడా గొంతెత్తితే తేనె కురవాల్సిందే. ఇదంతా మెడకు కట్టుకునే వేలెడు వెడల్పు శ్రుతిపట్టీ మహిమ. మెదడు నుంచి స్వరతంతువులకు వెళ్లే నాడీ సంకేతాలను దాని సెన్సర్లు ముందే పట్టుకుని, తప్పు స్వరం బయటికి రాకముందే సరిదిద్దుతాయి. గొంతు మనదే, శ్రుతి మాత్రం దానిది.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ హైమవతికి లోకాన్ని ఉద్ధరించాలన్న ఆశేమీ లేదు. ఆమె బాధంతా అక్క కామాక్షి గురించే. పన్నెండేళ్లప్పుడు ఓ పెళ్లిలో కామాక్షి మంగళహారతి ఎత్తుకుంటే పేరంటాళ్లు పగలబడి నవ్వారు. ఆ తర్వాత నలభై ఏళ్లు ఆమె వంటింట్లో కూడా కూనిరాగం తీయలేదు. అక్క మళ్లీ పాడితే చాలనుకుంది హైమవతి.

అక్క పాడింది. ఏడాదిపాటు పొద్దస్తమానం పాడింది. ఆ తర్వాత మొహం ముడుచుకుంది.

"పక్కింటి శకుంతల కూడా నాలాగే పాడుతోందే. ఇంక నా గొప్పేముంది?"

"గొప్ప కోసం కాదక్కా. ఎవర్నీ చూసి ఎవరూ నవ్వకూడదని చేశాను."

"నీదంతా చాదస్తం!" అంది కామాక్షి.

ఇంతలో కామాక్షి కూతురి పెళ్లి వచ్చింది. అరుణపురిలో ఆక్సిజన్ పొదుపు కాబట్టి నిప్పు వెలిగించకూడదు. హారతి పళ్లెంలో కర్పూరం బదులు చిన్న బల్బు పెట్టారు. కామాక్షి పాట ఎత్తుకోబోతుండగా ఆమె పట్టీ ఆగిపోయింది. ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు. హైమవతి మరో ఆలోచన లేకుండా తన పట్టీ విప్పి అక్క మెడకు కట్టింది. కామాక్షి అద్భుతంగా పాడింది.

"ఇప్పుడు పిన్ని పాడాలి!" అని పెళ్లికూతురు పట్టుబట్టింది.

"నాకు పట్టీ లేదే తల్లీ."

"మనవాళ్లేగా, పాడవే!" అంది కామాక్షి.

హైమవతికి పాటంటే ప్రాణం. పైగా అడిగింది అక్క. ధైర్యం చేసి మొదలుపెట్టింది. రెండో పంక్తిలో గొంతు జారింది. ఎన్నాళ్లుగానో అపస్వరం వినని జనం ఒక్క క్షణం నోళ్లు తెరుచుకుని చూశారు.

ముందుగా నవ్వింది కామాక్షి. తర్వాత అందరూ అందుకున్నారు. హైమవతి పాట ఆపి, పళ్లెంకేసి చూస్తూ నిలబడింది. నవ్వును కూడా పట్టీ సరిదిద్దుతుందని ఆమెకు అప్పుడే తెలిసింది. పెళ్లిమండపమంతా ఒకే శ్రుతిలో నవ్వుతోంది.