పట్టికలో కనిపించని ముప్పై

స్టేషన్ లగేజీ గది గుమాస్తాను కంప్యూటర్ ముందే చంపేశారు. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. వేలు మాత్రం డిలీట్ మీట మీద ఉంది.

మర్నాడు ఆ కుర్చీలో ఏజెంట్ తొమ్మిది కూర్చున్నాడు. నెరిసిన విగ్గు, సోడాబుడ్డి కళ్లద్దాలు. చీఫ్ చెప్పింది రెండే ముక్కలు: "విదేశీ ముఠా అక్కడ బాంబు బ్యాగు దాచింది. దాచిన ముప్పయ్యో రోజు సాయంత్రం నాలుగింటికి పేలుతుంది. ఎప్పుడు దాచారో తెలీదు."

తెరపై నాలుగు వందల బ్యాగుల పట్టిక. తీసుకెళ్లిన తేదీ ఉంటే, అందులోంచి పెట్టిన తేదీ తీసెయ్యి; ఆ గడి ఖాళీ అయితే, ఈ రోజు తేదీలోంచి తీసెయ్యి. ఇదీ రోజుల గడిలోని ఫార్ములా. ఇరవై తొమ్మిది రోజుల బ్యాగులున్నాయి, ముప్పై ఒకటివీ ఉన్నాయి. ముప్పై లేదు.

"హమ్మయ్య, ఇవాళ్టికి గండం గడిచింది," అంది వెనక నిలబడ్డ సూపర్‌వైజర్. గూఢచారిగా ముఠాలో చేరిన మన మనిషి. పొద్దున కోడ్‌వర్డ్ తడబడకుండా చెప్పింది. ఆమె సెంటు వాసన గదంతా నిండింది.

మూడూ యాభై. నాలుగింటి బండికి అతని అక్క వస్తోంది. ఆపరేషన్ రహస్యం కాబట్టి రావద్దని చెప్పలేకపోయాడు.

ఒక వరుసలో రోజుల గడి బోసిగా ఉంది.

"ఇదేంటి మేడమ్?"

"ఎర్రర్ వస్తే ఏమీ చూపించొద్దని నేనే పెట్టించా. చూడ్డానికి అసహ్యం."

అసలు ఎర్రర్ ఎందుకొచ్చింది? తీసుకెళ్లిన తేదీ గడిలోకి వెళ్లాడు. కర్సర్ అంచున కాక, ఒక అక్షరమంత ఇవతల మినుకుమంటోంది. ఎవరో స్పేస్ కొట్టారు! కంటికి ఖాళీ, ఫార్ములాకి కాదు. చచ్చినవాడి వేలు గుర్తొచ్చింది. గడి మొత్తం ఎంచుకుని డిలీట్ నొక్కాడు.

30.

వెనక పిస్టల్ క్లిక్‌మంది.

"వాడూ ఇదే మీట నొక్కాడు. స్పేస్ మళ్లీ కొట్టాల్సొచ్చింది," అంది మేడమ్.

ఆ వరుసలో అర నంబరు పదిహేడు. మోకాలి పక్కనే. బ్యాగు లాగి గుండెకి హత్తుకున్నాడు. లోపల గడియారం కొట్టుకుంటోంది, బయట అతని పళ్లు.

"కా... కాల్చండి మేడమ్. ఇద్దరం కలిసే పోదాం."

ఆమె గోడ గడియారం చూసింది. మూడూ యాభై ఆరు. మొహం పాలిపోయింది. హైహీల్స్ టకటకలాడిస్తూ పిస్టల్‌తోనే పరుగెత్తి, గుమ్మంలో చీఫ్ కాపలా పెట్టిన మఫ్టీ పోలీసుల చేతికి చిక్కింది.

అతను బ్యాగు తెరిచి, పెన్ను క్యాప్ తిప్పాడు. కట్టర్ బయటికొచ్చింది. అది రెండుసార్లు జారింది. మూడోసారి వైరు తెగింది. ఇంకా పదకొండు సెకన్లు.

విగ్గు, కళ్లద్దాలు తీసేసి ఎదురెళ్లిన తమ్ముణ్ని, బండి దిగిన అక్క ఎగాదిగా చూసింది.

"దయ్యాన్ని చూసినట్టు ఆ మొహమేంట్రా? సర్లే, ఈ బ్యాగు లగేజీ గదిలో పడేసి టీ తాగుదాం పద."

"వద్దక్కా! నేనే మోస్తా."

"నువ్వా? పుస్తకాల సంచి కూడా నాచేత మోయించినవాడివి!"