రోమ్‌కెళ్ళిన గంట మోగింది

మోర్వాల్ చర్చి గంటగోపురం పేరెత్తితే పాలు తాగే పసివాళ్ళే కాదు, పీపాలు తాగే తాతలు కూడా నోరు మూసేవాళ్ళు. చూరుమీది రాతి భూతాలు ఏడువందల ఏళ్ళుగా నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి మరి... ఏం చూశాయో!

గంట కొట్టే ఆన్సెల్మ్ పోయాక ఆ తాడు ముట్టినవాడు లేడు. బతికున్నప్పుడు రోజూ సాయంత్రం గంట కొట్టడం అయ్యాక, ఒక్క దెబ్బ ఎక్కువ కొట్టేవాడు. "వస్తున్నా, సూప్ వేడిచెయ్యి" అని పెళ్ళానికి కబురన్నమాట.

ఆ పెళ్ళాం లియోంటీన్, "ఇక గంట నేను కొడతా" అంది.

మేయర్ ఫుల్జాన్స్ మీసంలో నవ్వాడు. "గుడ్‌ఫ్రైడే రాత్రి ఒంటరిగా వెళ్ళి ఆ తాడు ముట్టి రా, చూద్దాం. రాలేకపోయావా, పని మా బావమరిదిది."

గడుసు మనిషి! గుడ్‌ఫ్రైడే ముందురోజే చర్చి గంటలన్నీ రోమ్‌కి ఎగిరిపోతాయని ఆ ఊళ్ళో నమ్మకం. ఈస్టర్‌కి గానీ రావు. ఈలోగా మోగిందా — అది బతికున్నవాళ్ళ పని కాదు.

ఆ రాత్రి లాంతరు పట్టుకుని లియోంటీన్ లోపలికెళ్ళింది. మేయరూ బావమరిదీ సమాధుల గోడ దగ్గరే ఆగిపోయారు.

ఆమె గోపురం తలుపు తోసిందో లేదో —

టంగ్...

"బావా... గంట రోమ్‌లో ఉంది కదా?" బావమరిది గుసగుస.

"నోర్ముయ్... దానికి వినపడుద్ది!"

టంగ్... టంగ్...

లియోంటీన్ గుమ్మంలోనే ఆగింది. వెనక్కి తిరిగిందా, నలభై ఏళ్ళు తన మొగుడి చెమట తాగిన తాడు పరాయివాడి చేతికి పోతుంది!

లాంతరెత్తింది.

రెండు పసుపుపచ్చ కళ్ళు... గడ్డం... కొమ్ములు!

సాక్షాత్తు సైతానే!

సైతాను "మే..." అంది.

ఫాదరుగారి మేక! చెమట ఉప్పు మరిగి తాడు నములుతోంది. అది గుంజినప్పుడల్లా పైన గంట ఊగుతోంది. ఈసారి గుంజుకి తాడు పైనెక్కడో పుటుక్కున తెగి, కొండచిలువలా వచ్చి కాళ్ళ దగ్గర పడింది.

లియోంటీన్ మేకని ఈడ్చుకుంటూ, తాడు భుజాన వేసుకుని బయటికొచ్చింది.

"ముట్టి రమ్మన్నారుగా మేయర్ గారూ... మొత్తం తెచ్చా!"

"నీదే తల్లీ, ఆ పని నీదే!" పొట్ట పట్టుకుని నవ్వాడాయన.

అప్పుడు —

టంగ్.

ఒక్కటే దెబ్బ.

మేక ఇక్కడ. తాడు ఆమె భుజం మీద.

మేయరు ఎంత దూరం పరిగెత్తాడంటే, వెనక్కి రావడానికి రైలెక్కాల్సొచ్చింది. లియోంటీన్ మాత్రం గోపురం వైపు తలెత్తి గదమాయించింది.

"వినపడింది లేవయ్యా, పొయ్యి మీద పెడతా! చచ్చాక కూడా అంత ఆకలేంటి నీకు?"