నూడుల్స్ తెచ్చిన నర్సు

“ఆగు! ఆ గిన్నెతో లోపలికి అడుగు పెట్టావంటే ఊరుకోను.”

వార్డు గుమ్మానికి చేతులు అడ్డం పెట్టి నిలబడ్డాడు రెమీ. బయట ఇలోయిలో అనే ఆ రేవు పట్నమంతా వానలో నానుతోంది. ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో వేడి నూడుల్స్ గిన్నె పట్టుకుని డెలీ బిక్కచచ్చిపోయింది.

కూతురు కడుపులో ఉండగా మానేసిన నర్సు ఉద్యోగం. ఓడ మీద పనిచేసే భర్త పోయాడు. కూతురు చదువుకని మనీలా వెళ్ళింది. ఖాళీ ఇంట్లో కూర్చుంటే పాడు ఊహలు తప్ప ఇంకేమీ రావడం లేదని మళ్ళీ నర్సు తెల్లబట్టలు వేసుకుంది. తీరా చూస్తే వార్డు ఇన్‌చార్జి ఎవరు? ట్రైనింగులో తనతోపాటు చదివిన రెమీ! జుట్టు నెరిసింది గానీ నోటి దురుసు అలాగే ఉంది.

“మొదటిరోజు కదా, అందరికీ తినిపిద్దామని...”

“డ్యూటీలో నూడుల్స్ తింటే ఆ పోగుల్లాగే పేషెంట్లు బారులు తీరతారనే మన నర్సుల నమ్మకం మర్చిపోయావా? ఇదేనా నీకు గుర్తున్న నర్సింగు?”

తను రావడం ఇతనికి ఇష్టం లేదు కాబోలనుకుంది డెలీ.

“పోనివ్వండి సార్, వాసన చంపేస్తోంది. ఇలా తే అక్కా!” అంటూ చిన్న నర్సు జొసెల్ గిన్నె లాక్కుపోయింది.

గిన్నె ఖాళీ అయిందో లేదో, డెంగీ జ్వరాలవాళ్ళు దిగబడ్డారు. మంచాలు నిండిపోయి, వరండాలో కూడా పడకలు వేశారు.

ఒక ముసలావిడకి సెలైన్ ఎక్కించాలి. డెలీ సూది పట్టుకుని ఆగిపోయింది. నరం దొరక్కపోతే? రక్తం ఆగకపోతే? ఈవిడ కొడుకులు మీద పడి కొడితే? అది పేపర్లో వచ్చి, మనీలాలో కూతురు చదివితే?

“నువ్వు చెయ్యి రెమీ.”

“నాకు పనుంది,” అన్నాడు. అక్కణ్ణించి మాత్రం కదల్లేదు.

“దోమ కుడితేనే ఓర్చుకున్నాను, నీ సూదెంత? కానియ్యమ్మా!” అంది ముసలావిడ.

డెలీకి నవ్వొచ్చింది. ముంజేతిని వేలితో తడిమింది. నరం పాత నేస్తంలా వేలికి తగిలింది. సూది నిలిచింది.

సాయంత్రానికి వాన తెరిపిచ్చింది. డెలీ వెనక మెట్ల మీద కూలబడింది. పక్కనే వచ్చి కూర్చున్నాడు రెమీ.

“రేపట్నించి రాను. అప్పుడూ నన్ను గాలివాన డెలీ అనేవాళ్ళు. నేను డ్యూటీలో ఉంటే చాలు, పేషెంట్లు పోటెత్తేవారు. నా కాలే మంచిది కాదు. నీకూ ఇష్టం లేదని పొద్దున్నే తెలిసిపోయింది.”

“అప్పట్లో నీ డ్యూటీ రోజున క్యాంటీన్ నుంచి నూడుల్స్ ఎవరు పంపేవారనుకున్నావ్?”

“క్యాంటీనావిడ. నేనంటే ఇష్టమని.”

“నేనే. పేషెంట్లు ఎక్కువైతే నిన్ను ఇంటికి పంపరుగా. ఇంకాసేపు నీ పక్కన నిలబడొచ్చని.”

“ఓరి దుర్మార్గుడా! నా కాళ్ళు ఎంతలా వాచేవో తెలుసా?”

“తెలుసు. చూస్తూనే ఉండేవాణ్ణి.” అతని గొంతు తగ్గింది. “ఈలోగా ఓడాయన వచ్చాడు. నేను నూడుల్స్ దగ్గరే ఆగిపోయాను. ఇవాళ నీ చేతిలో ఆ గిన్నె చూడగానే గుండె ఝల్లుమంది, అందుకే అరిచాను. ఇష్టం లేక కాదు డెలీ. అప్పుడు అడగలేకపోయింది ఇప్పుడు అడుగుతున్నాను.”

ఫినాయిలు వాసన, గంజి పెట్టిన టోపీలు, చూరు నీళ్ళ కింద చెయ్యి చాపి నవ్వే ఇరవై ఏళ్ళ రెమీ, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి డెలీకి.

“ఈ వయసులోనా? నా కూతురేమంటుంది? రేపు నువ్వూ పోతే?”

డెలీ గబగబా లోపలికెళ్ళి బీపీ మిషను తెచ్చి, అతని చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది.

“నూట అరవై! ఇదా నీ సంగతి!”

“నువ్వింత దగ్గరగా కూర్చుంటే పెరగదా?”

“కబుర్లొద్దు. ఇవాళ్టితో ఎండుచేపలు బంద్. రేపు పొద్దున డ్యూటీకి రాగానే మళ్ళీ చూస్తాను. ఎల్లుండీ చూస్తాను.”

“ఎన్నాళ్ళు?”

“తగ్గేదాకా.”

“తగ్గకపోతే?” ఆశగా అడిగాడు రెమీ.

డెలీ పట్టీ విప్పడం మర్చిపోయి, అతని చెయ్యి పట్టుకునే కూర్చుంది.