బుడగకోత

2081 నాటికి ఓడల ప్రొపెల్లర్లను విప్పి పరీక్షించడం మానేశారు. స్టీరింగు పక్కన ఒక తెర ఉంటుంది, దాని పేరు బుడగదర్శి. ప్రొపెల్లర్ మితిమీరి తిరిగితే నీళ్ళలో ఆవిరి బుడగలు పుట్టి, రెక్కల మీదే పేలి, కంచును కొరుక్కు తింటాయి. కేవిటేషన్ అనే ఈ బుడగకోతను ఆ యంత్రం కంప్యూటర్‌లో క్షణక్షణం సిమ్యులేట్ చేసి, రెక్క ఎన్ని నిమిషాల్లో విరుగుతుందో చెప్పేస్తుంది.

కెప్టెన్లు మాత్రం నమ్మేవారు కాదు. పెళ్ళికార్డులో తొమ్మిదని ఉంటే పదిన్నరకు బయల్దేరే జాతి మనది. యంత్రం పది నిమిషాలంటే పదిహేను అనుకునేవారు. అందులో తప్పూ లేదు, జాగ్రత్త కోసమని పై అధికారులే లెక్కలో ఐదు నిమిషాలు తగ్గించి చూపించేవారు. బుడగదర్శిని కనిపెట్టిన డాక్టర్ తాయారుకు ఈ దొంగలెక్కంటే ఒళ్ళుమంట. పోట్లాడి మరీ తీయించింది.

కొత్త లెక్కను పరీక్షించడానికి ఆమె భీమిలిలో, ఓడల్ని తాడుతో లాగే ఒక టగ్గు ఎక్కింది. ఆ మధ్యాహ్నమే, ఇంజన్ చచ్చిపోయిన ఫెర్రీ అరవైమందితో రాళ్ళవైపు కొట్టుకుపోతోందని కబురొచ్చింది. అందులో తాయారు చెల్లెలు రమణి ఉంది.

కెప్టెన్ పైడిరాజు టగ్గును పూర్తి వేగంతో ఉరికించాడు. రెండు ప్రొపెల్లర్లూ సముద్రాన్ని చీల్చాయి. బుడగదర్శి మాట్లాడింది.

"ఈ వేగంలో ఎడమ ప్రొపెల్లర్ నాలుగు నిమిషాల్లో విరుగుతుంది. ఫెర్రీని చేరడానికి ఆరు కావాలి. వేగం తగ్గిస్తే తొమ్మిది నిమిషాల్లో చేరతారు. ఫెర్రీ రాళ్ళకు తగలడానికి ఇంకా పన్నెండు నిమిషాలుంది."

"తగ్గించీమంటారా అమ్మా?" అన్నాడు పైడిరాజు.

దూరాన ఫెర్రీ ఒక పక్కకు ఒరిగి కనిపించింది. కెరటం కొట్టినప్పుడల్లా జనం కుప్పగా పడుతున్నారు. పన్నెండు నిమిషాలుందంటే తాయారుకు నమ్మబుద్ధి కాలేదు. "వద్దు, ఇదే వేగంతో పోనీ," అంది.

మూడో నిమిషంలో ఎడమ ఇంజన్ గది నుంచి, ఆ ఇంజన్ చూసుకునే జోగులు ఫోన్ చేశాడు. "అమ్మా, ఎడమ షాఫ్టు ఊగిపోతంది. రాళ్ళు రుబ్బినట్టు సప్పుడు. నాను పైకొచ్చీనా? లెక్కెంత సెప్తంది?"

తెర మీద ఒక నిమిషం ఉంది. ఇంజన్ దగ్గర మనిషి లేకపోతే ఈ వేగం నిలవదని తాయారుకు తెలుసు.

"ఇంకో మూడు నిమిషాలుంది జోగులూ. అక్కడే ఉండు."

సరిగ్గా నాలుగో నిమిషంలో రెక్క విరిగింది. అదుపు తప్పిన షాఫ్టు బేరింగులను పెరుక్కుని జోగులు నడుం విరగ్గొట్టి, టగ్గు అడుగును చీల్చేసింది. ఫోన్‌లో ఒక్క కేక, తర్వాత నీళ్ళ హోరు. టగ్గు మునగకుండా పైడిరాజు ఏడుస్తూనే ఆ గది ఇనుపతలుపు మూసేశాడు.

మిగిలిన కుడి ప్రొపెల్లర్‌తో కుంటుకుంటూ పదకొండో నిమిషంలో ఫెర్రీని చేరారు. తాడు అందింది. అరవైమందీ బతికారు. రమణి తడిబట్టలతో అక్కను వాటేసుకుని భోరుమంది.

బుడగదర్శి మళ్ళీ మాట్లాడింది. "ప్రమాద నివేదిక పంపాలి. జోగులు మరణానికి కారణం ఏమని రాయమంటారు?"

తాయారు పైడిరాజు ముఖంలోకి చూసింది. అతను తల దించుకున్నాడు.

"బుడగకోత అని రాయి," అంది తాయారు. "నీ లెక్క రెండు నిమిషాలు తప్పిందని కూడా రాయి."