చిటికెడు తుత్తం

ఒమాన్ వచ్చి నలభై రోజులైనా, పొద్దున్నే వంటింటి కిటికీ తెరవడమంటే హమీదాకు ఇంకా పండగే. మత్రా సూక్ బజారు వెనక సందులో మూడో అంతస్తు ఇల్లు వాళ్లది. ఎదురుగా రెండు మిద్దెల నడుమ జానెడు సముద్రం కనిపిస్తుంది. ఆ జానెడులో ఒకరోజు ఓడ ముక్కు, ఒకరోజు ఓడ తోక. అదృష్టం బాగుండి ఓడ మొత్తం కనబడిందంటే మొగుణ్ని నిద్ర లేపి మరీ చూపిస్తుంది.

"ఓడే కదమ్మే, యాడికీ పోదు. ఇంకో పది నిమిషాలు పండుకోనీ" అన్నాడు షఫీ దుప్పటి లోపలి నుంచి.

"పోతాది. ఓడకు పోవడం తప్ప ఇంకేం పనుంది?"

పెళ్లయి మూడు నెలలు. ఇలాంటి మాటలకు కూడా ఇద్దరికీ నవ్వొచ్చే రోజులవి.

పొయ్యి మీద రెండు గిన్నెలున్నాయి. ఒకదాంట్లో ఉప్మా, ఇంకోదాంట్లో జిగురు. ఆ జిగురు మామ ఖాదర్‌వలి పనికి. ప్రొద్దుటూరులో తరతరాలుగా పుస్తకాల బైండింగ్ చేసిన ఇల్లు వాళ్లది. పన్నెండేళ్ల కిందట ఆయన మత్రాకు వచ్చి, ఒక పాత వర్తకుల ఇంట్లో పెట్టిన చిన్న మ్యూజియంలో, ముర్తుజా సాబ్ అనే అధికారి కింద, చిరిగిన పాత కాగితాలకు అతుకులు వేసే పనిలో కుదిరాడు. తర్వాత కొడుకునూ పిలిపించుకున్నాడు. అద్దాల పెట్టెలో పాత పుస్తకాన్ని వీపు విరగకుండా తెరిచి కూర్చోబెట్టడానికి దన్నులు చేయడం షఫీ డ్యూటీ.

మైదా ముద్దను నీళ్లలో పిసికి, సాగే జిగటంతా తీసేసి, అడుగున పేరుకున్న తెల్లటి పిండిని మాత్రమే అరగంటసేపు సన్న సెగ మీద కలుపుతూ ఉడికించాలి. భుజం నొప్పి ఎక్కువై పది రోజుల కిందట ఆ పని మామ కోడలికి అప్పగించాడు. ఇనప్పెట్టె తాళాలు ఇచ్చినంత గంభీరంగా చెక్క గరిటె చేతికిచ్చాడు.

"ఉండలు కట్టిందంటే నీ బీఏ పట్టా వాపసు తీసుకుంటా" అన్నాడు.

"అది యూనివర్సిటీ ఇచ్చింది మామా, నువ్వు తీసుకోలేవు."

"యూనివర్సిటీకి జిగురు కాచేది తెలుసునా?"

ఇప్పుడు ఆయన చేతిలో ఉన్నది బహ్లా ఊరి నీటి వంతుల పుస్తకం. ఊరి కాలువ నీళ్లు ఏ తోటకు ఏ రోజు ఎంతసేపు పారాలో నూటయాభై ఏళ్ల కిందట చేత్తో రాసిపెట్టినది. పోయినేడు గోనూ తుఫానులో, పుస్తకం సొంతదారైన ముసలాయన కొడుకు ఇంట్లోకి నీళ్లొచ్చి, అక్కడున్న అది తడిసిపోయింది. మరో పది రోజుల్లో అది అద్దాల పెట్టెలోకి ఎక్కాలి. చూడ్డానికి బహ్లా నుంచి ఆ ముసలాయన వస్తున్నాడు.

హమీదా గరిటె తిప్పడం ఆపి, గూట్లో పప్పుల డబ్బా వెనక నుంచి చిన్న పొట్లం తీసింది. దంచిన మైలుతుత్తం. నెమలి మెడ రంగులో ఎంత ముద్దుగా ఉందో! చిటికెడు తీసి జిగురులో వేసింది. ఇలా వేయడం ఇది మూడో రోజు.

రాత్రి అన్నాల దగ్గర మామ చెప్పే కథల్లో ఆ మాట ఎన్నోసార్లు వచ్చింది. "మా నాయన తుత్తం పడకుండా జిగురు దించేవాడే కాదు. మేం కట్టిన పుస్తకం జోలికి చెద ఎప్పుడూ రాలా." మరి తనకు నేర్పేటప్పుడు తుత్తం సంగతే ఎత్తలేదు. ఈమధ్య ఆయనకు మరుపు వస్తోంది. పొయ్యి మీద టీ మరిచిపోతాడు, తాళంచెవి మరిచిపోతాడు. రెండుసార్లు తనను చనిపోయిన అత్త పేరుతో "బీబమ్మా" అని పిలిచాడు. ఇది కూడా మరిచిపోయాడని హమీదా అనుకుంది. అడగొచ్చు. కానీ మొన్న షఫీ, "ఇది గూడా మర్చిపోయినావా నాయనా?" అన్నప్పుడు ఆ పెద్దాయన ముఖం ఎంత చిన్నబోయిందో ఆమె చూసింది. అందుకే సూక్‌లో మూలికలమ్మే గుజరాతీ సేఠ్ దగ్గర నీలం రాళ్లు కొని, దంచి, ఎవరికీ చెప్పకుండా మామ పరువు కాపాడుతోంది. ఆ రహస్యం ఆమెకు కొత్త గాజుల్లా ముచ్చటగా ఉంది.

తండ్రీ కొడుకులు టిఫిన్ క్యారియర్ పట్టుకుని వెళ్లారు. పైగిన్నెలో ఉప్మా, కిందిగిన్నెలో జిగురు.

మధ్యాహ్నం రెండు కాకముందే ఇద్దరూ తిరిగొచ్చారు.

ఖాదర్‌వలి చెప్పులు కూడా విడవకుండా చాప మీద కూర్చున్నాడు. షఫీ తలుపు వేసి, దానికే ఆనుకుని నిలబడ్డాడు.

"ఏమైంది? డ్యూటీ అప్పుడే అయిపోయిందా?"

"అయిపోయినట్టే. నాయనకు ఖలాస్" అన్నాడు షఫీ. "జిగురులో తుత్తం వేసినాడు."

హమీదా చేతిలో ఉన్న మంచినీళ్ల గ్లాసు అక్కడే ఆగిపోయింది.

"ముర్తుజా సాబ్ దీపం కింద పెట్టి చూస్తే పదకొండు పేజీల్లో అతుకుల అంచులన్నీ పచ్చగా కనిపించినాయి. తుత్తం పడితే చెద రాదు, నిజమే. కానీ కొన్నేళ్లకు ఆ కాగితం మాడిన అప్పడం మాదిరి పెళపెళ విరిగిపోతాది. అందుకే పనిలో చేరిన రోజే ఇక్కడ తుత్తం వాడగూడదని చెప్పినారు. పన్నెండేళ్లు వాడలా. ఇప్పుడు ఏమొచ్చిందో!"

"నేను వెయ్యలేదురా" అన్నాడు ఖాదర్‌వలి.

"మరి జిగురులోకి అదే నడుచుకుంటా వచ్చిందా? హమీదాకు తుత్తం వెయ్యమని నువ్వు నేర్పలేదు గదా."

"వెయ్యలేదంటే..."

"టీ మర్చిపోలేదన్నావు. గిన్నె మాడింది. తాళం పారేయలేదన్నావు. కొత్తది చేయించినాం. ప్రతి పుస్తకానికీ ఒక రిపేరు నోటు ఉంటాది కదా, ఏం పూసినారు, ఎవరు పూసినారు అని. పుస్తకం ఉన్నన్నాళ్లూ అది పుస్తకంతోనే ఉంటాది. సాయంత్రం సాబ్ దాంట్లో నీ పేరు రాస్తాడు. అది పైకి పోయినాక వీసా క్యాన్సిలే. దానికన్నా మనమే మర్యాదగా పోతామని చెబుదాం. నాలుగు నెలల నుంచి చెప్తాండా, ఇంటికి పోయి సుఖంగా ఉండు నాయనా అని."

ఖాదర్‌వలి కోడలి వైపు తిరిగాడు.

"అమ్మీ, నిన్న పొద్దున నేను వంటింట్లోకి వచ్చినానా?"

హమీదా గ్లాసు ఆయన ముందు పెట్టింది. "వచ్చినావు మామా. టీకి."

"టీకేనా? పొయ్యి దగ్గర నిలబడినానా?"

"...నిలబడినావు."

"అయితే అంతే అయ్యుంటాది." ఆయన తన రెండు చేతులూ ముందుకు చాపి, ఎవరివో చూసినట్టు చూశాడు. "చిన్నప్పటి నుంచి అలవాటైన చేతులు. నాకు తెలీకుండానే వేసినట్టుండాయి. టిక్కెట్టు తీయిరా షఫీ."

నాలుగు నెలలుగా ససేమిరా అన్న మనిషి అంత సులువుగా ఒప్పుకున్నాడు. ఆయన లేచి తన గదిలోకి వెళ్లిపోయాడు.

హమీదా వంటింట్లోకి వచ్చింది. తోమిన గిన్నెను మళ్లీ తోమింది. ఆరిన బట్టలు మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. కిటికీ దగ్గరికి పోయింది, వచ్చింది. కాలు ఒకచోట నిలవడం లేదు. చెబితే? "నా పెండ్లాం బో తెలివైంది" అని కనబడిన ప్రతివాడికీ చెప్పుకునే షఫీ ముఖం ఎలా మారుతుంది? మూడు నెలల కోడలు పన్నెండేళ్ల పేరు పోగొట్టిందంటే ప్రొద్దుటూరులో అమ్మ తల ఎక్కడ పెట్టుకుంటుంది? చెప్పకపోతే మాత్రం? ఆయనకు ఎలాగూ విశ్రాంతి కావాలి కదా, భుజం నొప్పి కూడా ఉంది... అలా అనుకుని, అలా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

అప్పుడు గదిలోంచి మాటలు వినిపించాయి. మామ ఎవరితోనో మాట్లాడుతున్నాడనుకుని తలుపు సందులోంచి చూసింది. గదిలో ఆయన తప్ప ఎవరూ లేరు. గోడ వైపు తిరిగి కూర్చుని వేళ్లు మడుస్తున్నాడు.

"షఫీ పుట్టింది ఆదివారం. బీబమ్మ పోయింది బేస్తవారం. మా నాయన అంగడికి కుడిపక్క కంసలోళ్లు, ఎడమపక్క... ఎడమపక్క పత్తి కొట్టు. ఆ తర్వాత... ఆ తర్వాత..."

ఆ మూడో అంగడి ఆయనకు గుర్తు రావడం లేదు. నలభై ఏళ్ల కిందటి వీధి ఎవరికైనా అంతే. కానీ ఆయన చెమటలు కక్కుతూ వెతుక్కుంటున్నాడు, అది దొరక్కపోతే తాను ఇక మనిషే కాదన్నట్టు.

హమీదా పప్పుల డబ్బా వెనక నుంచి పొట్లం లాగి, పరుగున వెళ్లి ఆయన ముందు కూలబడింది.

"మామా, నేను వేసినా!"

ఖాదర్‌వలి వేళ్లు అలాగే మడిచి ఉన్నాయి. "ఏంది?"

"తుత్తం. నువ్వు కాదు. మూడు రోజుల నుంచి నేనే వేస్తాండా. నువ్వు చెప్పడం మర్చిపోయినావనుకున్నా. అడిగితే బాధపడతావని..." ఏడుపులో మిగతా మాటలు కొట్టుకుపోయాయి.

"మళ్లీ చెప్పు."

"నేనే వేసినా మామా."

"ఎంత?"

"చిటికెడు."

"నేను పొయ్యి కాడ నిలబడినప్పుడు?"

"నువ్వు టీ తాగినావంతే. అంతకుముందే వేసినా."

ఆయన భుజం మీది తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడని హమీదా భయపడింది. తువ్వాలు తీసేసరికి నవ్వుతున్నాడు, కళ్లనిండా నీళ్లు పెట్టుకుని.

"అయితే నా మతి యాడికీ పోలేదు! రేయ్ షఫీ, విన్నావా? నా మతి నా కాడే ఉండాది!"

షఫీ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "బుద్ధుందా నీకు? ఒక మాట అడిగేదానికి ఏం రోగం?" అని పెళ్లాం మీదికి వచ్చాడు. అతను ఆమెపై గొంతు పెంచడం అదే మొదటిసారి.

"ఆగరా" అన్నాడు తండ్రి. "అడిగేదానికి అది ఎందుకు భయపడిందో నువ్వు చెప్పు. నేను గ్లాసు మర్చిపోయినా నువ్వు ముఖం మాడ్చుకుంటావు. అందుకే ఈ పిల్ల నా తప్పు దాయబోయి తను తప్పు చేసింది."

షఫీ తండ్రి పక్కన చాప మీద కూర్చుని, ఆయన కాళ్లకు ఇంకా ఉన్న చెప్పులు విడవబోయాడు.

"ఉండనీరా, మళ్లా యేసుకోవాల గదా" అన్నాడు ఖాదర్‌వలి. "పా అమ్మీ. నువ్వు కూడా రా. తప్పు తప్పే. ముర్తుజా సాబ్‌కు నీ నోటితోనే చెప్పాల. నేను నీకోసం అబద్ధం ఆడను."

ముర్తుజా హైదరాబాదు మనిషి. బల్ల మీద రిపేరు నోటు తెరిచే ఉంది, ఇంకా రాయలేదు. హమీదా చెప్పిందంతా విని కళ్లద్దాలు తీశాడు.

"ఖాదర్ భాయ్, నువ్వు కోడల్ని నేర్పించి తెచ్చినవా, నిన్ను బచాయించనీకి?"

హమీదా పొట్లం విప్పి బల్ల మీద పెట్టింది. "సేఠ్‌ను అడగండి సాబ్. ఏ రోజు కొన్నానో ఆయనే చెప్తాడు."

ముర్తుజా పొట్లాన్ని దీపం కిందికి జరిపి చూశాడు. "మూడు రోజులే గదా. ఇంకా కాగితంలోకి పూరా దిగి ఉండదు. తీయొస్తదా?"

"విప్పరాని అతుకు నేను ఎప్పుడూ వెయ్యలేదు సాబ్" అన్నాడు ఖాదర్‌వలి. "కానీ నా చేయి ఒక్కటే చాలదు. భుజం లేవదు. ఈ పాప పట్టుకుంటాది."

"ఈమెనా?"

"పది రోజులు ఉండలు లేకుండా కాచింది సాబ్. చేయి నిదానం. నేను చెప్తాంటా, అది చేస్తాది."

రెండు రోజులు పట్టింది. తడిపి పిండిన అద్దుడు కాగితాన్ని అతుకు మీద పరచి, సిరా చెదరకుండా చూసుకుంటూ, జిగురు మెత్తబడేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోవడం. "ఇప్పుడా మామా?" "ఊహూ." "ఇప్పుడు?" "నీకు కాదు, దానికి అనిపించాల." అరవైమూడేళ్ల వేళ్లు, ఇరవైమూడేళ్ల వేళ్లు ఒకే పేజీ అంచున. చివరికి అతుకు అలసిపోయిన పిల్ల చేతిలోంచి బొమ్మ జారినట్టు వదులైనప్పుడు హమీదాకు కేక పెట్టాలనిపించేది. కేక పెడితే పేజీ ఎగురుతుందని పెదవి కొరుక్కునేది. షఫీ నీళ్ల గిన్నెలు మారుస్తూ, మధ్యమధ్యన, "నాయనా, ఇది ఎంతసేపుంచాల?" అని ప్రతిదీ అడుగుతున్నాడు. అతనికి తెలిసినవి కూడా.

తొమ్మిది పేజీలు శుభ్రంగా వచ్చాయి. రెండింటి అంచున సన్నటి పచ్చదనం మిగిలిపోయింది.

"టిక్కెట్టు సంగతి ఏం చేయమంటావు?" అన్నాడు షఫీ, ఎటో చూస్తూ.

"పోవాలనిపించిన రోజు నేనే అడుగుతాలేరా. మర్చిపోనులే."

ముర్తుజా నోటు రాసి ముగించి బల్ల మీద పెట్టాడు. ఇంగ్లీషులో ఉంది. ఖాదర్‌వలి దాన్ని కోడలి ముందుకు జరిపాడు.

"చదువమ్మీ. నీ బీఏ ఇట్లన్నా అక్కరకు రానీ."

హమీదా చదివింది. "జిగురులో తుత్తం కలిపినది హమీదా, ఖాదర్‌వలి కోడలు. రెండు పేజీలకు మరక మిగిలింది." ఆమె తల ఎత్తింది. "ఇది ఎప్పటికీ ఉంటాదా మామా?"

"ఉంటాది."

"వందేళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరు నా తప్పు చదువుతారు."

"చదవనీ. కింద ఇంకో గీతుండాదే. అది గూడా చదువు."

కళ్లు తుడుచుకుంటే గానీ ఆ అక్షరాలు కనబడలేదు. "అతుకులు విప్పి, కొత్త జిగురుతో తిరిగి వేసినవారు: ఖాదర్‌వలి, హమీదా."

ఈసారి పేరు పక్కన ఎవరి కోడలో రాయలేదు. హమీదా అంతే.

"మళ్లీ చదువు" అన్నాడు ఖాదర్‌వలి, చెవి దగ్గర చేయి పెట్టుకుని.